పై గీత

మరకలాయనకి అసలు పేరొకటి ఉండే ఉంటుంది. కరెంటు బిల్లు మీద అదే వస్తుంది కాబోలు. కానీ ప్రకటనలు తీసే స్టూడియోల్లో ఆ పేరుతో పిలిస్తే ఎవరూ పలకరు, అతను కూడా పలకడు. పొద్దున్న కొన్న కప్పు అడుగున పదేళ్ళ టీ మరక పెట్టగలడు. నిన్న దిగిన సోఫా చేతిని ఎవరో ఒకరు జీవితమంతా మోచెయ్యి ఆనించి అరగదీసినట్టు చెయ్యగలడు. రంగు ఆరని గోడ మీద స్విచ్చు చుట్టూ వేళ్ళ మురికి పుట్టించగలడు, ఆ మురికిలో ఇంటిల్లిపాదీ కనిపిస్తారు. పెద్దవాళ్ళ వేళ్ళు పైన, పిల్లలవి కింద, వంట మధ్యలో పరుగెత్తుకొచ్చిన ఇల్లాలి తడి వేలు కొంచెం పాకి ఉంటుంది.

ముప్పై సెకన్ల ప్రకటనలో చూసేవాడి కన్ను సరుకు మీదో, నటి నవ్వు మీదో ఉంటుంది. మరకలాయన పని ఆ నవ్వుకి వెనక ఉంటుంది. "చూడాలని పెట్టకూడదు. చూడకుండానే తగలాలి" అంటాడు. అదేదో పెద్ద వేదాంతంలా చెబుతాడు గానీ, దాని అర్థం మనిషికి తెలియకుండా వాడి గుండెలో చెయ్యి పెట్టడమే.

అతనికి పేరొచ్చింది ఒక ఫ్యాను ప్రకటనతో. పైన ఫ్యాను, కింద మంచం మీద ఒక ముసలాయన. అంతే, ఇంకేం లేదు. ఎవరూ చెప్పకుండానే మరకలాయన మంచం మీద రెండో దిండు తెచ్చి పెట్టాడు. ముసలాయన దిండు మీద తల గుంట ఉంది. రెండో దిండు ఉబ్బుగా ఉంది, దాని గలీబుకి ఇస్త్రీ మడత కూడా చెదరలేదు. ప్రకటనలో భార్య మాటే లేదు. ఫ్యాను తిరిగింది, ముసలాయన నిద్రపోయాడు, చూసినవాళ్ళకి ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో తెలియక, వెళ్ళి ఫ్యాన్లు కొన్నారు.

"ఆ దిండు ఎవడు పెట్టాడయ్యా?" అని అడిగిన డైరెక్టరు ఆ రోజు నుంచీ అతన్ని వదల్లేదు. ఆయన్ని యూనిట్లో వెనకాల తడి సారు అంటారు. ప్రతి షాటుకీ ముందు "కళ్ళు తడవాలి, కళ్ళు తడవాలి" అని చేతులు రుద్దుకుంటాడు కాబట్టి. ఆయన కళ్ళు మాత్రం ఎవరూ తడిగా చూడలేదు.

మరకలాయన గోడౌనులో కొత్త వస్తువంటూ లేదు. ఒక అరలో అరిగిన చెప్పులు, ఎక్కువగా ఒంటివి, ఎందుకంటే జత కన్నా ఒంటి చెప్పు బాగా పనిచేస్తుంది. ఇంకో అరలో దారం కట్టిన కళ్ళజోళ్ళు, సగం వాడి వదిలేసిన మందుల అట్టలు, పంటి గాట్లున్న పెన్సిళ్ళు, ఒకే ఒక తేదీ చుట్టూ ఎర్ర సున్నా చుట్టిన క్యాలెండర్లు. రంగులు తుడిచిన గుడ్డపేలికలు కూడా పారెయ్యడు, ఒక సంచిలో కుక్కి పెడతాడు, ఎప్పుడు ఏ మరకతో పని పడుతుందో అని. ఎవరైనా ఇల్లు ఖాళీ చేస్తున్నారంటే అందరికన్నా ముందు వాలిపోతాడు. "అయ్యో, ఇది పారేస్తున్నారా?" అని ఎంత ఆప్యాయంగా అడుగుతాడంటే, ఇచ్చేవాళ్ళు వస్తువుతో పాటు దాని కథ కూడా చెప్పి, కాఫీ ఇచ్చి పంపిస్తారు.

చుట్టాల ఇళ్ళలో అతను అడుగుపెట్టగానే వేళాకోళం మొదలవుతుంది. "ఒసేయ్, బాబాయి వచ్చాడు, పాతవన్నీ లోపల పెట్టండి" అంటారు. అతని భార్య ఇంకో రెండాకులు ఎక్కువే చదివింది. "నేను జుట్టు భుజాల దాకా కత్తిరించుకుంటే ఈయనకి నెల రోజులకి కనపడింది. గ్లాసు అంచున నా లిప్‌స్టిక్ మరక మాత్రం ఆ పూటే కనపడింది. కడగనివ్వకుండా పట్టుకుపోయాడు" అని అందరి ముందూ చెబుతుంది. అందరూ నవ్వుతారు, అతనూ నవ్వుతాడు. తన మీద జోకు పడితే పొంగిపోయే రకం.

అతన్ని పెంచింది అక్క. తల్లి పోయేనాటికి అతనికి పది, ఆమెకి పదిహేడు. చదువు మానేసి ఒక కళ్ళజోళ్ళ దుకాణంలో చేరింది. అద్దాల అంచులు అరగదీసి, వెంట్రుకవాసి తేడా రాకుండా ఫ్రేముల్లో బిగించే పని. ఇప్పటికీ అదే దుకాణం, అదే స్టూలు. తండ్రి పోయాక ఆయన కళ్ళజోడుని తమ్ముడు ఎవరికీ చెప్పకుండా ఒక ఇన్సూరెన్సు ప్రకటనలో, మడిచిన పేపరు మీద పెట్టాడు. అక్క టీవీలో చూసింది. ఆ అద్దాలు బిగించింది తనే, గుర్తుపట్టకుండా ఎలా ఉంటుంది? అయినా నవ్వేసింది. "పోనీలేరా. బతికున్నన్నాళ్ళూ నాన్నని ఇంతమంది చూడలేదు" అంది. తమ్ముడంటే ఆమెకి అంత ప్రాణం. ఆ నవ్వే అతన్ని చెడగొట్టింది.

అక్కకి ఒక్కతే కూతురు. సన్నగా, ఎప్పుడూ గలగలమంటూ ఉండేది కాబట్టి పిట్ట అనేవాళ్ళు. పిట్టకి రెండేళ్ళు నిండిన రోజు నుంచీ ప్రతి పుట్టినరోజుకీ దాన్ని వంటింటి ద్వారబంధానికి ఆనించి నిలబెట్టి, తల మీద స్కేలు ఉంచి, అక్క పెన్సిలుతో గీత గీసేది. పక్కనే వయసు అక్షరాల్లో రాసేది. రెండు, మూడు, నాలుగు. ఏడు దాకా గీతలు దూరదూరంగా పైకెక్కాయి. ఏడో ఏట పిట్ట మూత్రపిండాలు పాడయ్యాయి. ఆ జబ్బు పిల్లల్ని ఎదగనివ్వదు. ఎనిమిది గీత ఏడుకి వేలెడు ఎత్తులో కూడా లేదు. తొమ్మిది దాదాపు ఎనిమిది మీదే పడింది, మిగతావాటి కన్నా లావుగా, ఒక పక్కకి ఒరిగి.

డాక్టర్లు నీళ్ళు కొలిచి ఇమ్మన్నారు. సీసా మూతతో పొద్దున్న ఇన్ని, సాయంత్రం ఇన్ని. ఆఖరి ఎండాకాలమంతా పిట్ట ఎవరు ఇంటికొచ్చినా నీళ్ళే అడిగేది. "మామయ్యా, అమ్మకి చెప్పకుండా ఒక్క గుటక" అనేది. మామయ్య సీలింగు వైపు చూసేవాడు. తొమ్మిదో పుట్టినరోజు అయిన పదకొండు రోజులకి పిట్ట పోయింది. ఏడాది తిరక్కుండా బావ వేరే ఊళ్ళో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు. ఫోన్లు పల్చబడి, ఆగిపోయాయి. అక్కకి మిగిలింది ఆ ద్వారబంధం.

ఆరేళ్ళు గడిచాక ఆ బిల్డింగు కూలగొడతామని, అద్దెకున్నవాళ్ళందర్నీ ఖాళీ చెయ్యమని నోటీసు వచ్చింది. అక్కకి దొరికింది ఆడవాళ్ళ హాస్టల్లో ఒక గది. మంచం, బీరువా పెడితే మనిషి పక్కకి తిరిగి నడవాల్సిందే. తమ్ముణ్ణి పిలిచింది.

"ఈ నిలువు చెక్క తియ్యగలవా, విరక్కుండా?"

"అక్కా, నా పనే అది."

"నీ పనేంటో తెలుసు కాబట్టే చెబుతున్నాను. నాన్న కళ్ళజోడు ఇచ్చావు, సరే. ఇది సామాను కాదు. వేరే ఇల్లు దొరికేదాకా నీ గోడౌనులో ఓ మూల పెట్టు. అర్థమైందా?"

"ఛ, అవేం మాటలక్కా."

"పై గీత మీద ప్లాస్టిక్ ముక్క అంటించాను చూడు. అది తియ్యకు. ఆ గీత మీద వేలు పెట్టకు. ఆరేళ్ళుగా నేనే పెట్టలేదు."

దుకాణం నుంచి తెచ్చిన పల్చటి ప్లాస్టిక్ ముక్క అది, నాలుగంచులా టేపు. ఎందుకక్కా అని ఒక్క మాట అడిగి ఉంటే ఆమె చెప్పేది. అతను అడగలేదు. ఊరందరి వస్తువులకీ కథ అడిగి తెలుసుకునేవాడు, ఇంటి మనిషి దగ్గరికి వచ్చేసరికి అంతా తనకి తెలుసనుకున్నాడు. మేకులు ఒక్కొక్కటీ పీకి, చెక్కని దుప్పట్లో చుట్టి, పసిపిల్లని మోసినట్టు కిందికి మోసుకెళ్ళాడు. అక్క వీధి చివరిదాకా వ్యాను వెనకే నడిచింది.

నాలుగు నెలలకి నీళ్ళు శుద్ధి చేసే మిషను ప్రకటన వచ్చింది. కాలేజీ నుంచి వచ్చిన అమ్మాయి వంటింట్లోకి రావడం, తల్లి మిషను నుంచి గ్లాసు నింపి ఇవ్వడం, అమ్మాయి గటగటా తాగడం. మరకలాయన వంటిల్లు కట్టాడు. స్విచ్చు చుట్టూ మురికి పెట్టాడు, స్టవ్వు పక్క గోడకి ఆవిరి చారలు పెట్టాడు, ద్వారబంధం మీద ఎత్తు గీతలు కూడా తనే గీశాడు. బాగానే ఉంది అనుకున్నాడు.

తడి సారు మానిటర్లో చూసి పెదవి విరిచాడు. "అంతా ఉందయ్యా. ఆ గీతలే దొంగగీతలు. నువ్వు గీసినట్టున్నాయి. తల్లి గీసినట్టు లేవు."

ఆ మాట అతనికి చెంప మీద కొట్టినట్టయింది. ఇరవై రెండేళ్ళ పనిలో అతని మరకని ఎవరూ దొంగమరక అనలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ ఎవరికీ చెప్పకుండా వ్యాను తీసుకుని గోడౌనుకి వెళ్ళాడు. దారి పొడవునా తనకి తాను నచ్చజెప్పుకున్నాడు. ఒక్క పూట. వెనకాల మసకలో ఉంటుంది. సాయంత్రానికి మళ్ళీ దుప్పట్లో ఉంటుంది. పిట్ట నాకు మాత్రం పరాయిదా? ఇలాంటి మాటలు చెప్పుకుంటూ మనిషి ఎంత దూరమైనా వెళ్ళగలడు, గోడౌను ఎంత, పావుగంట దారి.

చెక్కని బిగించాడు. ప్లాస్టిక్ ముక్క లైటుకి మెరుస్తోందని జాగ్రత్తగా ఊడదీసి జేబులో వేసుకున్నాడు. తడి సారు మానిటర్ ముందు కూర్చుని ఆ గీతల్నే చూశాడు. మేకప్ ఆవిడ వెనక నుంచి చూస్తూ, ఎందుకో తెలియకుండానే ముక్కు ఎగబీల్చింది. తడి సారు లేచి వచ్చి మరకలాయన భుజం మీద చెయ్యి వేశాడు. అప్పుడు అతని మొహం చూడాలి, ఫస్టు వచ్చిన పిల్లాడి మొహం.

అందాకా ఫోనులో ఉన్న కంపెనీ మేడం అప్పుడు వచ్చి మానిటర్‌లోకి వంగింది.

"చాలా బాగుంది. కానీ ఆ పైన గీతలు ఎందుకలా అతుక్కుపోయాయి? పిల్ల అక్కడితో ఆగిపోయినట్టుంది."

"అది మసకగానే ఉంటుంది మేడం" అన్నాడు తడి సారు.

"మసకగా ఉన్నా తగులుతుందండీ. మా నీళ్ళు తాగిన పిల్ల ఎదగాలి కదా? మన అమ్మాయి తల దాకా గీతలు రావాలి. పదిహేడు వరకూ."

తడి సారు తిరిగి చూశాడు. మేడం చూసింది. లైట్లవాళ్ళు, కెమెరావాళ్ళు, గ్లాసు పట్టుకున్న నటి, అందరూ మరకలాయన వైపే చూశారు. "మా అక్క కూతురిదండీ ఇది" అంటే సరిపోయేది. నాలుగు మాటలు. ఎవరూ అతన్ని కొట్టరు, ఉద్యోగం పోదు, మహా అయితే మేడం "అయ్యో" అని ఇంకో చెక్క తెమ్మంటుంది. అతని నోటి నుంచి వేరే నాలుగు మాటలు వచ్చాయి.

"పది నిమిషాలు ఇవ్వండి మేడం."

ముందు స్కేలు పక్కన పెట్టి, దగ్గర్నుంచి ఫోటో తీసుకున్నాడు. ఏది చెరిపినా ముందు ఫోటో తీసుకోవడం అతని పని పద్ధతి. తర్వాత రబ్బరు పట్టాడు. ఎనిమిది సులువుగా పోయింది. పై గీత దగ్గర రబ్బరు జారింది. గీత చెరక్కుండా నల్లగా, జిడ్డుగా పాకింది. వంటింటి జిడ్డు అనుకున్నాడు. ఎన్ని వంటిళ్ళు చూశాడు! గుడ్డని రంగులు చెరిపే థిన్నరులో ముంచి ఒక్క తుడుపు తుడిచాడు. పోయింది. గుడ్డ అలవాటుగా సంచిలో వేశాడు.

అక్క చేతిరాత అతనికి కొత్త కాదు. బళ్ళో చదివే రోజుల్లో లీవు చీటీల మీద అక్క పేరుతో సంతకాలు పెట్టుకుంది అతనే. ఎనిమిదిని తీసుకెళ్ళి ఏడుకి నాలుగు వేళ్ళ పైన పెట్టాడు, తొమ్మిదిని ఇంకో నాలుగు వేళ్ళు. పన్నెండు దగ్గర పిట్టని ఒక్కసారిగా సాగదీశాడు, ఆ వయసులో ఆడపిల్లలు అలాగే సాగుతారని. పదహారు, పదిహేడు గీతలు దగ్గరగా గీశాడు, అక్కడ ఎదుగుదల ఆగుతుందని. ఎంత శ్రద్ధ! ఎనిమిదేళ్ళ ఆయుష్షు పది నిమిషాల్లో ఇచ్చేశాడు దానికి. నటి పదకొండు టేకుల్లో పదకొండు గ్లాసులు తాగింది.

మర్నాడు గోడౌను తలుపు వేసుకుని దొంగగీతలన్నీ చెరిపాడు. ఫోటో ముందు పెట్టుకుని, భూతద్దం పట్టుకుని, ఎనిమిదినీ తొమ్మిదినీ ఎక్కడివక్కడ మళ్ళీ గీశాడు. తొమ్మిది ఎంత ఒరిగిందో అంతా ఒరిగించాడు. మెత్తటి పెన్సిలు తెచ్చి అదే లావు తెప్పించాడు. "తొమ్మిది" అన్న అక్షరాల్లో వణుకు ఉంటే ఆ వణుకూ దించాడు. టీ డికాక్షనులో ముంచిన గుడ్డతో పాతదనం పూసి, ప్లాస్టిక్ ముక్కని పాత టేపు గుర్తుల మీదే అతికించాడు. దూరంగా నిలబడి చూసుకున్నాడు. పోల్చుకోవడం దేవుడి వల్ల కూడా కాదు అనుకున్నాడు. సిగ్గుపడాల్సిన చోట అతనికి గర్వం కలిగింది. జరిగింది అదే, దాచి లాభం లేదు.

ప్రకటన టీవీలో మొదలైంది. భార్య అన్నం తింటూ చూసి చెయ్యి ఆపింది.

"అది పిట్ట చెక్క కదండీ?"

"నకలు."

"మీ అక్కకి చెప్పారా?"

"వెనకాల ఎక్కడో మసకలో ఉంటుందే. ఎవరు చూస్తారు?"

"ఎవరూ చూడకపోతే మీరెందుకు పెట్టినట్టు?" అంది ఆమె.

అక్క పనిచేసే దుకాణంలో, వచ్చినవాళ్ళకి పొద్దుపోవడానికి ఒక టీవీ ఉంటుంది, శబ్దం తీసేసి. దుకాణం నిండా అద్దాలు, కళ్ళజోడు పెట్టుకుని మొహం చూసుకోవడానికి. టీవీలో ఒక అమ్మాయి నీళ్ళు తాగితే అద్దాల్లో ఆరుగురు తాగుతారు. వెంట్రుకవాసి తేడాలు చూడటానికే జీతం తీసుకునే మనిషికి మసక ఒక అడ్డమా? మొదటిసారి చూసినప్పుడు ఆమె చేతిలో ఉన్న అద్దం జారి పగిలింది. ముప్పై ఏళ్ళలో అదే మొదటిసారి.

ఆదివారం మధ్యాహ్నం గోడౌనుకి వచ్చింది. అరిచి గోల చేస్తుందని మరకలాయన సిద్ధపడి ఉన్నాడు. ఆమె అరవలేదు. చెప్పుల అర పక్కనున్న కుర్చీలో కూర్చుంది.

"పదిహేడేళ్ళ పిల్లని చేశావు" అంది.

అతను పక్క అరలోని ఒంటి చెప్పుని సరిచేసి పెట్టాడు.

"గ్లాసు నిండా తాగించావురా దానిచేత. రోజుకి ముప్పైసార్లు తాగుతోంది. లెక్కపెట్టకూడదనుకుంటాను, లెక్కపెడతాను."

"అక్కా, అది నకలు. నీ చెక్క చూసి నేను వేరేది చేశాను. తప్పే. నిన్ను అడగాల్సింది. కానీ అసలుదాన్ని నేను కదిలించలేదు."

ఆమె తలెత్తింది. ఆ మొహంలో ఒక్కసారిగా వచ్చిన ఆశని చూసినవాడు నిజం చెప్పెయ్యాలి. మరకలాయన ఆ ఆశని చూసి ఊపిరి పీల్చుకున్నాడు.

"నిజంగా? ముట్టుకోలేదా?"

"పిట్ట మీద ఒట్టు."

చచ్చిపోయిన పిల్ల మీద ఒట్టు పెట్టుకున్నాడు. అది ఎదురు చెప్పదు కదా.

అక్క కళ్ళు మూసుకుంది. ఆమె భుజాలు కిందికి దిగాయి. "నా పాపిష్ఠి బుద్ధి. వారం రోజులుగా నిద్ర లేదురా. అసలుదాని మీదే రాశావేమో అనుకున్నాను. నిన్ను అంత మాట అనుకున్నందుకు..." అని అతని చెయ్యి పట్టుకుంది. అతను పట్టుకోనిచ్చాడు. "ఏదీ, ఒక్కసారి చూపించు."

లోపలి మూల నుంచి దుప్పటి మూట తెచ్చి, విప్పి, ఆమె ఒళ్ళోకి ఆనించి పెట్టాడు. ఆమె కింది నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క గీతనీ వేలితో తడిమింది. రెండు. మూడు. నాలుగు దగ్గర నవ్వింది, "ఆ రోజు కాలివేళ్ళ మీద లేచింది, దొంగపిట్ట" అని. ఏడు. ఎనిమిది. ప్లాస్టిక్ ముక్క దగ్గర వేలు ఆగింది.

"ఆరేళ్ళు అయింది దీన్ని ముట్టుకుని" అంది. "ముట్టుకుంటే పోతుందని భయం. కానీ ఈ వారమంతా ఇది నాకు లేనట్టే బతికాను. ఇవాళ కొంచెం పోయినా ఫరవాలేదు. కొంచెం నా చేతికి అంటుకోనీ."

ఆమె టేపు అంచు గోటితో లేపుతుంటే మరకలాయన చూస్తూ నిలబడ్డాడు. అంటుకోవడం ఏమిటో అతనికి అర్థం కాలేదు. భయం కూడా వెయ్యలేదు, తన పని మీద అంత నమ్మకం. ఆమె ప్లాస్టిక్ తీసి, బొటనవేలిని పెదాలకి తాకించుకుని, ఆ తడి వేలిని గీత మీద మెల్లగా ఆనించి, తీసి చూసుకుంది.

వేలు తెల్లగా ఉంది.

ఇంకోసారి ఆనించింది. ఈసారి రుద్దింది. వేలు కొస మీద పెన్సిలు పొడి బూడిద రంగులో కొద్దిగా మెరిసింది. ఆమె ఆ వేలిని కిటికీ వైపు తిప్పి, దుకాణంలో అద్దాన్ని చూసినట్టు, చాలాసేపు చూసింది.

"ఇది పెన్సిలు" అంది.

"అవునక్కా, పెన్సిలే కదా..."

"ఆ రోజు అది నిలబడలేకపోయిందిరా. నడుం చుట్టూ చెయ్యి వేసి నేను ఎత్తి పట్టుకున్నాను. పెన్సిలు పక్క గదిలో ఉంది. వదిలి వెళ్తే పడిపోతుంది. పక్కనే ఉన్న అద్దం అరలో చేతికి అందింది నా కనుబొమల పెన్సిలు. దాంతోనే గీశాను. నవ్వింది అది. 'అమ్మా, నాకు కాదు, గోడకి కనుబొమ్మ పెట్టావు' అంది. అదే ఆఖరుసారి నవ్వడం." ఆమె తన వేలి కొసనే చూస్తోంది. "వేలు తగిలితే పాకేది. అందుకే ప్లాస్టిక్ పెట్టాను. ఫోటోలో నలుపు నలుపులాగే ఉంటుంది కదా, నీకెలా తెలుస్తుంది?"

మరకలాయన ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఏడ్చాడు, వెక్కివెక్కి, చిన్నప్పుడు తల్లి పోయిన రోజు ఏడ్చినట్టు. ఆ ఏడుపు నిజమే. కానీ ఆ గదిలో అప్పటికి నిజానికి విలువ లేకుండా చేసింది అతనే.

అక్క లేచి నిలబడి అతన్ని చూసింది.

"కొంచెం ఎడంపక్కకి జరిగి ఏడు" అంది. "అక్కడ వెలుతురు లేదు. మొహం కనిపించడం లేదు."

చెక్కని గోడకి ఆనించింది, పడిపోకుండా సరిచూసింది. "ఇది నీ సామాను. ఏ అరలో పెట్టుకుంటావో పెట్టుకో" అని చెప్పి వెళ్ళిపోయింది. వీధిలోకి దిగాక ఆమె బొటనవేలిని చీరకి తుడుచుకోవడం అతనికి కిటికీలోంచి కనిపించింది.

అప్పుడు అతనికి గుడ్డ గుర్తొచ్చింది.

థిన్నరు గుడ్డ. పిట్ట తల మీద పెట్టిన ఆ నలుపు గాలిలో కలిసిపోలేదు, గుడ్డకి అంటుకుంది. గుడ్డ సంచిలో ఉంది. పరుగెత్తి సంచి తెచ్చి నేల మీద బోర్లించాడు. నలభై పేలికలు ఉంటాయి. ఒక్కొక్కటీ కిటికీ దగ్గర పరిచాడు. నలుపు మరకలే పదిహేను ఉన్నాయి. బూటు పాలిష్, యంత్రాల గ్రీజు, మసి, రంగు, నటి కంటి మేకప్ తుడిచింది కూడా ఉంది. ఆ తర్వాత నాలుగు షూటింగులు అయ్యాయి, అన్నీ ఒకే సంచి, అన్నీ ఒకదానికొకటి రాసుకుని పాకాయి. వాసన చూశాడు, అన్నిటికీ థిన్నరు వాసనే. ఏ మరక ఏ ఇంటిదో, ఏ మనిషిదో చూపుతో చెప్పగలడని పేరున్నవాడు సాయంత్రం దాకా ఆ పదిహేను పేలికల మధ్య కూర్చుని ఏది పిట్టదో చెప్పలేకపోయాడు.

మర్నాడు పొద్దున్న త్వరగా స్నానం చేసి బట్టలు మార్చుకున్నాడు.

"ఇంత పొద్దున్నే ఎక్కడికి?" అంది భార్య.

"చిన్న పని. మధ్యాహ్నం అక్క దుకాణానికి వెళ్ళాలి. ఒక గుడ్డపేలిక ఇవ్వాలి."

బజారులో అలంకరణ సామాన్ల షాపు అప్పుడే తెరుస్తున్నారు. కనుబొమల పెన్సిళ్ళు చూపించమన్నాడు. ఏ కంపెనీది కావాలని అడిగింది షాపు అమ్మాయి. ఆరేళ్ళ కిందట ఏవి ఎక్కువ అమ్ముడుపోయేవో అవి తియ్యమన్నాడు. ఆమె నాలుగు రకాలు ముందు పెట్టింది. అతను జేబులోంచి ఒక పాత గుడ్డపేలిక తీసి, ఒక్కొక్కటీ దాని మీద గీసి, బొటనవేలు తడి చేసుకుని రుద్ది చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు.